జబీన్ మేడం రాసిన రెండు ఆఖరి అధ్యాయాలు

నిన్న పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే తారు వాసన తగిలింది. మార్కెట్ యార్డుకు పోయే రోడ్డు మీద గుంతలు పూడుస్తున్నారు. డ్రమ్ము కింద మంట, పక్కన కంకర కుప్ప. ఈ కాలంలో మా వీధికి వచ్చే వాసన పసుపు ఒక్కటే. బస్తాలు దిగుతున్నన్నాళ్లూ అది గాలిలోనే ఉంటుంది, కీబోర్డు మీటల సందుల్లో చేరుతుంది, సాయంత్రం ముఖం కడుక్కుంటే నీళ్లలో కనిపిస్తుంది. ఆ పసుపును తోసుకుని తారు ముక్కుకు తగలగానే షట్టరును సగంలో పట్టుకుని నిలబడిపోయాను. నా కళ్ల ముందు రోడ్డు లేదు. ఒక వంటిల్లు, స్టవ్వు మీద నల్లబడిన గిన్నె, అందులో మెల్లగా కరుగుతున్న ముద్ద, దాన్ని పుల్లతో కలుపుతూ, "కిటికీ తెరువు పద్మా, మా చెల్లె వచ్చి లొల్లి పెడ్తది" అంటున్న జబీన్ మేడం ఉన్నారు.

ఆర్మూరు దాటితే ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. గుట్ట కింది వీధిలో చెల్లెలి కుటుంబంతో కలిసి ఉండేవారు. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. నాది టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. ఆమె ఆ షాపుకు వచ్చిన మనిషి. మేడం నాకు చాలా నేర్పారని అందరితో అంటుంటాను గానీ, ఏం నేర్పారని ఎవరైనా అడిగితే తడబడతాను. ఆమెతో గడిపిన కాలమంతా నేను అయోమయంలోనే ఉన్నాను. ఇప్పటికీ పూర్తిగా తేరుకున్నానని చెప్పలేను.

మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో కాగితాల కట్ట ఉంది. అడగకుండానే స్టూలు మీద కూర్చుని, టెలిస్కోపు అద్దం ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలాగో తెలుగులో రాశానని, టైపు చేయాలని చెప్పారు. ఆమెకు ఒక చిన్న గుంపు ఉందట. సెలవు రోజుల్లో అద్దాలు అరగదీసుకుని టెలిస్కోపులు కట్టుకునేవాళ్లు. వేల్పూరులో పసుపు పండించే గంగారెడ్డి, మోర్తాడ్ నుంచి గల్ఫుకు పోయి ఒక కంపెనీ క్యాంపులో ఉంటున్న రాజేశ్వర్, డిచ్‌పల్లి వైపు ఇంకో నలుగురైదుగురు. ఎవరికీ ఇది బతుకుదెరువు కాదు, సరదా. ఇంగ్లీషులో పుస్తకాలు, వీడియోలు ఉన్నాయి గానీ తెలుగులో ఏమీ లేవు కాబట్టి అందరూ చూసుకునేలా ఆన్‌లైనులో ఒక గైడు పెట్టాలని ఆమె పట్టుదల. నేను పేజీలు లెక్కపెట్టబోతుంటే ఆపి, "చదివేటోళ్ల చేతులు తడిగ ఉంటయి. గది యాది పెట్టుకొని కొట్టు" అన్నారు. నాకు అర్థం కాలేదు. లామినేషన్ చేయించాలేమో అనుకుని అడిగితే నవ్వి, ఆదివారం ఇంటికి రమ్మన్నారు.

ఆ ఆదివారం వాళ్ల పెరట్లో ఒక ఇనుప డ్రమ్ము చూశాను. కదలకుండా దాని నిండా రాళ్లు పోశారు. పైన జానెడు వెడల్పున్న గుండ్రటి మందపాటి గాజు, దాని మీద అలాంటిదే మరొకటి. రెండింటి మధ్య నీళ్లూ గరుకు పొడీ వేసి పై గాజును ముందుకూ వెనక్కూ తోస్తారు, కాస్త తిప్పుతారు, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరిగి మళ్లీ తోస్తారు. అలా నెలల తరబడి చేస్తే పై గాజు మధ్యలో లోతు పడుతుంది. ఆ లోతే అద్దం. పొడి నానాటికీ మెత్తనిది వాడాలి. చివర్లో తారు ముద్దను కరిగించి కింది గాజు మీద పోసి, ఆ మెత్తటి పొర మీద మెరుగు పెట్టాలి. మేడం తోస్తూ ఉర్దూలో లెక్కపెట్టుకునేవారు, నాకు వివరించేది తెలుగులో. చున్నీ కొంగును నడుముకు బిగించి, మోచేతుల దాకా బూడిదరంగు నీళ్లతో ఆమె డ్రమ్ము చుట్టూ తిరుగుతుంటే, ఈ వయసులో ఈమెకు ఇదెందుకో అనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవారో.

శుభలేఖలకు వాడే ఫాంటులోనే టైపు చేసి, బాగా వచ్చిందని మురిసిపోయి, ఫైలు గుంపుకు పంపాను. సాయంత్రం గంగారెడ్డి ఫోను చేశాడు. అప్పటికి నేను అతన్ని చూడలేదు. "చెల్లె, నువ్వు పంపింది ఏ భాష?" అని మర్యాదగానే అడిగాడు. అతని ఫోనులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. మేడం వచ్చి నా స్క్రీనూ తన ఫోనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ ఫాంటు నా కంప్యూటరులో ఉంది, వాళ్ల ఫోనుల్లో లేదు అని చెప్పాను. "అంటే నీ మిషన్ల ఉన్నంతసేపే గది తెలుగు" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. ఇన్నేళ్లుగా నేను కొట్టిన పెళ్లిపిలుపులు, అర్జీలు, కరపత్రాలు అన్నీ నా గది దాటితే అక్షరాలు కావన్నమాట.

అన్ని ఫోనుల్లోనూ కనిపించే యూనికోడ్ తెలుగులో మొదటినుంచీ మళ్లీ కొట్టాను. ఈసారి అక్షరాలు నిలిచాయి, బొమ్మలు నిలవలేదు. వర్డ్ ఫైలు ఒక్కో ఫోనులో ఒక్కో రకంగా తెరుచుకునేది. కింది గాజు బొమ్మ జారిపోయి పై గాజు వివరం కింద చేరేది. విసుగొచ్చి పీడీఎఫ్ చేశాను. అది కదలదు, చెదరదు. నేను ఎలా పెడితే అలాగే అందరికీ కనిపిస్తుంది. దాన్ని అందరికీ చెందిన ఆన్‌లైన్ ఫోల్డరులో పెట్టి, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మేడం మాత్రం ఫోనులో పీడీఎఫ్‌ను వేళ్లతో పెద్దది చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ వెళ్లిపోయారు. ఆమెకు నచ్చిందో లేదో తెలియలేదు.

కొన్నాళ్లకు ఆమె ఒక సవరణ తెచ్చారు. వేడి తారు పోసేముందు రెండు గాజులనూ గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. ఆ మాట మొదట రాయడం మరిచారు. ఆ రోజే సరిచేసి కొత్త పీడీఎఫ్ పెట్టాను, పాతది తీసేశాను, గుంపులో చెప్పాను. గంగారెడ్డి అప్పుడు పసుపు తవ్వే పనిలో ఉన్నాడు. పనులు అయ్యాక తీరిగ్గా కూర్చుని, ఎప్పుడో ఫోనులో దాచుకున్న పాత ఫైలు తెరిచి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు. వేడి తారు మీద చల్లటి అద్దం పెట్టగానే ఫట్‌మని రెండు ముక్కలైంది. వానాకాలం నుంచీ అరగదీస్తున్న అద్దం.

మేడమూ నేనూ వేల్పూరు వెళ్లాం. అతను కుర్చీలు వేసి, చాయ్ తెప్పించి, తల వంచుకుని కూర్చున్నాడు. "మేడం, నేను సొంతంగ ఏం జెయ్యలే. మీరు రాసిందే చేసిన" అన్నాడు. మేడం అవునన్నారు. ఆ ముక్కలు తెప్పించుకుని, మంచం మీద దుప్పటి పరిచి, ఒకదానికొకటి ఆనించి చూశారు. పగులు సన్నగా వెంట్రుకలా ఉంది. అంత బాగా అరిగిన గాజు తాను కూడా చేయలేదని ఆమె అంటే అతని ముఖం ఇంకా ముడుచుకుంది. తర్వాత ఆమె, ఇది ఎట్ల పలిగిందో నువ్వే రాయి, గైడుల పెడ్దం, అన్నారు. ఆ సమయంలో ఆ మాట ఎందుకన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. గంగారెడ్డి లేచి నిలబడ్డాడు. "నా నష్టం అందరికి పాఠం గావాల్నా మేడం? నన్ను ఇడిసిపెట్టుండ్రి." మేము ఆర్మూరు చేరేలోపే అతను గుంపు నుంచి తప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో తప్పు ఎవరిదని మేడం నన్ను అడిగారు. నేను ఆలోచించాను. రాయడంలో మరిచింది ఆమె, కానీ గుర్తు రాగానే చెప్పారు. ఫైలు మార్చింది నేను, ఆ రోజే మార్చాను. చదివింది అతను, తన దగ్గరున్నదే చదివాడు. అదే చెప్పాను. "గంతే గద. అందరం మన పని మనం చేసినం. అద్దం పలిగింది" అని ఆమె కిటికీ వైపు తిరిగారు. ఆమె కన్నీళ్లు తుడుచుకున్నారో, ఎగిరొచ్చిన దుమ్ము తుడుచుకున్నారో నేను చూడలేదు.

అప్పటినుంచి నా తల తిరిగిపోయే రోజులు మొదలయ్యాయి. పీడీఎఫ్ వద్దన్నారు. ఒకే ఒక్క ఆన్‌లైన్ పేజీ, ఎవరు ఎప్పుడు తెరిచినా తాజా మాటే కనిపించాలి, ఎవరూ దాచుకోకూడదు. కష్టపడి అలా చేశాను. వారం తిరక్కుండానే రాజేశ్వర్ గల్ఫు నుంచి మాట్లాడాడు. వాళ్ల గదిలో నెట్టు సరిగ్గా రాదు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటాడు, దొరికిన గంటలో పేజీ తెరుచుకోదు. "అక్కా, ఫైలు చేతుల ఉంటెనే నాకు గైడు ఉన్నట్టు" అన్నాడు. అది మేడంకు చెప్పాను. అయితే ఉత్త అక్షరాల ఫైలు చెయ్యి, అదైతే చిన్నగా ఉంటుంది, ఎక్కడైనా తెరుచుకుంటుంది, అన్నారు. అందులో బొమ్మలు పట్టవు కదా అంటే, ప్రతి బొమ్మనూ మాటల్లోకి మార్చి రాసుకొచ్చారు. నన్ను కళ్లు మూసుకోమని తాను చదివి, రెండు అరచేతులనే రెండు గాజులుగా పెట్టి చూపించమన్నారు. నా చేతులు ఆమె అనుకున్నట్టు కదలకపోతే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవారు. అలా ఒక మధ్యాహ్నమంతా, షాపులో దరఖాస్తులకు వచ్చినవాళ్లు చూస్తుండగా, నేను కళ్లు మూసుకుని అరచేతులు రుద్దుకుంటూ కూర్చున్నాను.

అది అయ్యాక బొమ్మలు లేకుండా ఎట్లా అని డిచ్‌పల్లివాళ్లు అడిగారు. మేడం బొమ్మలతో పీడీఎఫ్ కూడా ఉంచమన్నారు. మనమే వద్దనుకున్నాం కదా అంటే, అవును, అన్నారు. డ్రమ్ము దగ్గర తడిచేతులతో ఫోను పట్టుకోలేమని ఒకాయన అంటే, గోడకు అంటించుకునే పెద్దక్షరాల కాగితం వేయించారు. ఒక గైడు కాస్తా నాలుగైంది. ఒకచోట మాట మారిస్తే మిగతా మూడుచోట్లా మార్చాలి. మార్చామో లేదో చూసుకోవాలి. ఒకరోజు నాకు కోపం వచ్చి, ఏదో ఒకటి ఖాయం చేయండి మేడం, ఇట్లా నా వల్ల కాదు అన్నాను. ఆమె కోపగించుకోలేదు.

"ఖాయం జేస్తే ఎవలో ఒకలు బయటనే ఉండిపోతరు. ఎవలను బయట పెడ్దమో నువ్వే చెప్పు" అన్నారు.

నేను నాలుగు ఫైళ్లూ మళ్లీ తెరిచాను. జవాబు ఆమె కూడా చెప్పలేదు. ఆమెకు తెలిసి నన్ను పరీక్షిస్తున్నారని అప్పుడు అనుకున్నాను. ఆమెకూ తెలియదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. మీరు ఏదనుకున్నా సరే.

ఆ మరుసటి ఎండాకాలం నా కంప్యూటరు పాడైంది. బాగుచేసినవాళ్లు లోపలున్నదంతా తీసి ఇస్తే, దాన్ని మొత్తం ఆన్‌లైన్ ఫోల్డరులోకి ఎక్కించాను. ఫైళ్లు పోలేదు గానీ ఏది ఎప్పటిదో చెప్పే తేదీలన్నీ చెరిగిపోయి ఒకే తేదీ పడింది. సరిగ్గా అప్పుడే మేడంకు ఆరోగ్యం చెడింది. నిజామాబాదు దవాఖానాలో చేర్చారు. అక్కడ గల్ఫులో రాజేశ్వర్ అద్దం ఆఖరి దశకు వచ్చింది. క్యాంపు వెనక స్టోరుగదిలో ఎవరి కాళ్లో పట్టుకుని చోటు సంపాదించి, రెండేళ్లుగా చేస్తున్న అద్దం అది. ఆఖరి అధ్యాయాలు రెండు కనిపిస్తున్నాయి, ఏది చూడాలి అని అడిగాడు. తెరిచి చూశాను. నిజమే. రెండూ మేడం రాసినవే, రెండూ నేను కొట్టినవే. చివరి మెరుగులో చేయి పొడుగ్గా సాగదీసి తోయాలని ఒకటి అంటుంది. పొడుగ్గా తోస్తే అంచు పాడవుతుంది, పొట్టిగానే తోయాలని ఇంకొకటి అంటుంది. ఏది ముందు రాశారో, ఏది దాని సవరణో ఎక్కడా లేదు. నేను ఎంత గుర్తు చేసుకున్నా కొట్టినట్టు గుర్తుందే తప్ప అందులో ఏముందో గుర్తు లేదు. అక్షరాలు నా వేళ్ల మీదుగా పోయాయి, అంతే.

మరుసటి రోజు రెండూ కాగితాల మీద తీసుకుని దవాఖానాకు పోయాను. ఆమె బాగా చిక్కిపోయారు. చెల్లెలు పక్కన ఉంది. ఈ సమయంలో అడగడమా అని వెనకాడితే, మేడమే చేతిలోని కాగితాలు చూసి ఏమిటన్నారు. చెప్పాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండూ చదివారు. చదివి కాసేపు నవ్వారు.

"రెండు నేనే రాసిన. అప్పుడు గట్ల అనిపించింది, ఇంకోసారి గిట్ల అనిపించింది. ఏది ముందుగాల్నో యాదికి లేదు పద్మా."

"మరి రాజేశ్వర్‌కు ఏం చెప్పాలి మేడం?"

"నువ్వు చేసి చూడు. ఇన్నేండ్ల సంది కొడ్తున్నవు, ఒక్కసారన్న గాజు ముట్టినవా?"

ముట్టలేదు. ఆమె ఇంట్లో ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో, ఒక్కనాడూ ఆ డ్రమ్ము మీద చేయి వేయలేదు. ఆమె ఒక్కసారీ వేయమనలేదు. ఇప్పుడెందుకు అంటున్నారో, అదీ ఈ మంచం మీద నుంచి. సరేనన్నాను. ఆమె నా చేయి పట్టుకుని వేళ్లు చూసి, గోర్లు కత్తిరించుకో, వాటి సందుల గరుకు పొడి చిక్కుతది, అన్నారు. అదే ఆఖరి మాట. వానలు మొదలవకముందే ఆమె పోయారు.

డిచ్‌పల్లివాళ్లు దూరం, నాకు నేర్పగలిగినవాడు దగ్గర్లో ఒక్కడే. వేల్పూరు వెళ్లి గంగారెడ్డి వాకిట్లో నిలబడ్డాను. మేడం ఏమన్నారో చెప్పాను. అతను మేడం జనాజాకు, ఆ ఆఖరి యాత్రకు వచ్చి దూరంగా నిలబడి వెళ్లిపోయాడని నాకు అప్పుడే తెలిసింది. గుంపులోకి రానని, గైడు సంగతి తనకు చెప్పొద్దని, గాజు సంగతి మాత్రం చెబుతానని అన్నాడు. మేడం చెల్లెలు ఆమె సగం చేసి వదిలేసిన ఒక అద్దం ఇచ్చింది. పసుపు నిల్వ చేసే అతని కొట్టంలో, ఒక మూల చీకటిగా, చల్లగా ఉండేచోట డ్రమ్ము పెట్టుకున్నాం. షాపు మూసే రోజుల్లో వెళ్లేదాన్ని. మొదట్లో భుజాలు పడిపోయేవి. గరుకు పొడి కింద గాజు చేసే చప్పుడు పొడి అరిగేకొద్దీ మారుతుందని, ఆ మార్పు విని నీళ్లు చల్లాలని నేనే ఎన్నిసార్లు టైపు చేశానో. చెవితో విన్నది మాత్రం అప్పుడే.

ఆఖరి మెరుగు వచ్చింది. ఆ రెండు అధ్యాయాల్లో ఒకదానిలో ఉన్నట్టు పొడుగ్గా తోశాను. దీపం ముందు బ్లేడు అంచు పెట్టి, అద్దం మీద పడే నీడను బట్టి వంపు ఎట్లా ఉందో చూస్తారు. చూస్తే అంచు వాలిపోయింది. ఇంకోదానిలో ఉన్నట్టు పొట్టిగా తోశాను. అంచు కొంత సర్దుకుంది గానీ మధ్యలో వలయంలా ఒక ఎత్తు లేచింది. అది ఏ అధ్యాయంలోనూ లేదు. మేడం చేతికి రాని లోపం నా చేతికి వచ్చింది. ఏం చేద్దామని గంగారెడ్డిని, అప్పటికి నాకు గంగన్న అయిపోయాడు, అడిగితే అతను చాలాసేపు ఆ నీడనే చూశాడు.

"నాకు సమజ్ గాలే చెల్లె. నీకు ఏమైందో గట్లనే రాసి పెట్టు. గల్ఫు పిలగాడు చూసుకుంటడు."

అన్నాక తనే ఆగిపోయాడు. ఆ మాట ఇదివరకు ఇదే ఇంట్లో ఎవరన్నారో మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అతను బయటికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, పగిలిన తన అద్దం గురించి చెప్పసాగాడు. తారు ఎంత పల్చగా ఉందో, అద్దం ఎంత చల్లగా ఉందో, చప్పుడు రాకముందు వేళ్ల కింద ఏం తెలిసిందో చెప్పాడు. నేను ఫోనులో కొట్టుకుంటూ పోయాను. ఒకచోట ఆపి, ఆ మాట తీసెయ్ అన్నాడు. ఒకచోట, అది గట్లనే ఉండనీ అన్నాడు.

రాజేశ్వర్‌కు ఫోను చేసి, ఏది సరైనదో నాకు తెలియదని చెప్పాను. రెండు అధ్యాయాలూ ఉంచాను, వాటి కింద నాకేమైందో రాశాను, దాని కింద గంగన్నది ఉంది, అన్నాను. గైడులో ఇట్లా ఉంటదా అక్కా అన్నాడు. ఉంటుందో ఉండదో అదీ నాకు తెలియదన్నాను. చివరికి అతను చేయి పొడుగ్గానూ పొట్టిగానూ కాకుండా తనకు తోచినట్టు తోసి అద్దం పూర్తి చేశాడు. ఎట్లా చేశాడో రాయమంటే ఇప్పుడు రాస్తున్నాడు. నా అద్దం హైదరాబాదుకు పంపి మెరిసే పూత వేయించి, టెలిస్కోపులో బిగించాం. పొద్దు గూకుతుండగా గంగన్న ఇంటి మీది నుంచి సగం చంద్రుణ్ణి చూశాను. మధ్యలో గుంతలు ఒక్కొక్కటీ స్పష్టంగా ఉన్నాయి, అంచున కొంచెం మసక. మేడంకు చూపించాలని ఫోను తీసి, ఎవరికి చేస్తున్నానో గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు కొత్తవాళ్లు గుంపులో చేరితే మొదట అడిగేది ఏ ఫైలు దించుకోవాలని. ఒక్క మాటలో చెప్పలేను. ఎక్కడ కూర్చుని చదువుతారు, నెట్టు వస్తుందా, చదివేది మీరేనా, ఇంకెవరైనా చదివి వినిపిస్తారా అని అడుగుతాను. షాపుకు అర్జీ కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా అలాగే అడుగుతున్నానని, ఇంత లొల్లి ఎందుకని నవ్వుకుంటున్నారని విన్నాను. నాలుగు రకాల గైడు నాలుగు రకాలుగానే ఉంది. ఏదైనా ఒకటి తీసేద్దామని అప్పుడప్పుడూ కూర్చుంటాను. ఎవరో ఒకరి ముఖం అడ్డం వస్తుంది, లేచిపోతాను. ఇదే సరైన పద్ధతా, నాకు చేతకాక ఇట్లా వదిలేశానా అన్నది తేల్చుకోలేదు. తేలని రోజు వేల్పూరు బస్సు ఎక్కుతాను. ఇంకో గాజు మొదలుపెట్టాను. గోర్లు చూసుకుని, నీళ్లు చల్లి, పొడి వేసి, డ్రమ్ము చుట్టూ నడవడం మొదలుపెడతాను. నాకు ఉర్దూ రాదు. లెక్కపెట్టడం మాత్రం ఎందుకో ఉర్దూలోనే వస్తుంది.